రాతూ మారా గారి కుర్చీ యోగం

జాతకాల మీద నమ్మకం లేదనే వాళ్ళ చేత ఫిజీ దేశపు తొలి ప్రధాని రాతూ (అక్కడి తెగ దొరల బిరుదు) సర్ కమిసేసే మారా గారి రాజకీయ చరిత్ర ఒకసారి చదివించాలి. కొందరు కుర్చీ కోసం పాదయాత్రలు చేస్తారు, నిరాహార దీక్షలు చేస్తారు, జైలుకి కూడా వెళ్ళొస్తారు, అయినా దక్కదు. ఈయనకి అలాంటి అవస్థ రాలేదు. గెలిచినప్పుడు కుర్చీ ఇచ్చారు, అది మామూలే. ఓడినప్పుడూ ఇచ్చారు. ఎన్నికలే లేనప్పుడూ ఇచ్చారు. పార్లమెంటులోకి తుపాకులొచ్చినప్పుడు మరింత మర్యాదగా పిలిచి ఇచ్చారు. దేశం కష్టంలో ఉంది, కాదంటే బాగోదని ఆయన కూర్చున్నారు. అంతకు మించి ఆయన చేసిందేమీ లేదని నేను సవినయంగా వాదించదలచుకున్నాను.

పుట్టింది 1920లో, ఫిజీకి తూర్పున ఉన్న లౌ దీవుల్లో, పాలించే వంశంలో. మొదట న్యూజీలాండ్‌లోని ఒటాగోలో వైద్యం చదివారు. ఇంకొంచెం ఆగితే డాక్టర్ అయిపోయేవారు. సరిగ్గా ఆ టైములో, అప్పటి ఫిజీ దొరలందరికీ పెద్దదిక్కైన రాతూ సుకునా దగ్గర్నుంచి కబురొచ్చింది, ఆ చదువు ఆపేసి ఆక్స్‌ఫర్డ్ వెళ్ళి చరిత్ర చదవమని. మన ఇళ్ళల్లో మెడిసిన్ సీటు వదిలేసి హిస్టరీ చదువుతానంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు, ముందు అమ్మ పడిపోతుంది, తర్వాత నాన్న నోరు పడిపోతుంది. అక్కడ మాత్రం పెద్దాయన చెప్పాడు, కుర్రాడు వెళ్ళాడు. రోగులకి మందిచ్చే వాళ్ళు ఎవరో ఒకరు దొరుకుతారు, దేశానికి దొర కావాలి కదా అని సుకునా లెక్క కాబోలు. ఫిజీకి ఆ రకంగా ఒక డాక్టర్ తగ్గాడు. అప్పట్నుంచి రోగం మాత్రం అలాగే ఉంది.

తర్వాతంతా మెట్లెక్కడమే. 1953లో శాసన మండలి, 1966లో అలయన్స్ పార్టీ, 1967లో ముఖ్యమంత్రి. 1969లో లౌ దీవుల సర్వాధికారి అయిన 'తుయ్ నయావ్' బిరుదు. 1970 అక్టోబరు 10న బ్రిటన్ యువరాజు చార్లెస్ రాజధాని సువా వచ్చి స్వాతంత్ర్యం అప్పగించి వెళ్ళారు. సరిగ్గా 96 ఏళ్ళ క్రితం అదే తేదీన ఫిజీ దొరలు దేశాన్ని విక్టోరియా రాణికి రాసిచ్చారు, కాబట్టి లెక్క సరిపోయింది. స్వాతంత్ర్యానికి ముందు ఎన్నికలు పెడితే బాగుంటుందేమో అని ఎవరైనా అడుగుతారు. అనవసరమైన ఖర్చు కదా, ఉన్నాయనే ఉంటే సరిపోదా అనుకున్నారు, ఆశ్చర్యం ఏంటంటే ప్రతిపక్షం కూడా సరే అంది.

ఇక్కడ చుట్టరికాల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఫిజీ రాజ్యాంగం కంటే ఇదే ముఖ్యం. మారా గారి భార్య రో లాలా తన సొంత హక్కుతో రోకో తుయ్ ద్రెకెతి, అంటే దేశంలోని మూడు పెద్ద తెగల కూటముల్లో ఒకదానికి అధిపతి. 1983 నుంచి గవర్నర్ జనరల్‌గా ఉన్న రాతూ పెనాయా గనిలావ్ కొడుకు మారా గారి అల్లుడు, అంటే ప్రధానమంత్రీ గవర్నర్ జనరలూ వియ్యంకులు. ప్రతిపక్షం వాళ్ళు పాపం ఇరవయ్యేళ్ళ పాటు ఒక పార్టీతో పోటీ పడుతున్నామనుకున్నారు. వాళ్ళు పోటీ పడింది ఒక పెళ్ళి శుభలేఖతో.

ఆ ప్రతిపక్షంలో ఎక్కువమంది మన వాళ్ళే. 1879 మే 14న లియోనిడాస్ అనే ఓడ మొదటి కూలీలను ఫిజీలో దించింది (ఈ తేదీ గుర్తుపెట్టుకోండి, పని ఉంది). 1916 వరకు అరవై వేల మందికి పైగా వచ్చారు. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా తెలుగు జిల్లాల వాళ్ళూ చేరారు. అగ్రిమెంట్ అనే మాట నోరు తిరక్క గిర్మిట్ అయింది, వీళ్ళు గిర్మిటియాలయ్యారు. చెరకు నరికారు, బడులు పెట్టుకున్నారు, గుళ్ళు కట్టుకున్నారు, దక్షిణాది వాళ్ళంతా కలిసి నంది అనే ఊళ్ళో సంగం పెట్టుకున్నారు. అందులోంచి మన వాళ్ళు కొంతకాలానికి వేరుపడి ఆంధ్ర సంగం పెట్టుకున్నారు. సముద్రం నడిబొడ్డున ఉన్నా సరే, రెండో సంఘం లేకుండా తెలుగువాడికి నిద్ర పట్టదు.

స్వాతంత్ర్యం నాటికి ఫిజీలో సగం మంది భారత సంతతి వాళ్ళు. ఒక మనిషికి ఒక ఓటు, అందరికీ కలిపి ఒకే జాబితా అంటే మారా గారికి ఇబ్బంది. అందుకని లండన్‌లో కూర్చుని 52 సీట్లని పంచారు, 22 స్థానిక ఫిజీయులకి, 22 భారతీయులకి, మిగతా 8 యూరోపియన్లు, చైనీయులు వగైరాలకి. జనాభాలో ఈ వగైరాలు పిడికెడు మంది. ఆ ఎనిమిదీ దాదాపు ఎప్పుడూ ఎటు మొగ్గేవో ఊహించడానికి ఆక్స్‌ఫర్డ్‌లో చదవక్కర్లేదు. భూమి సంగతి ఇంకా సులువు, నూటికి ఎనభైకి పైగా స్థానిక తెగలది, అమ్మడానికి వీల్లేదు. భారతీయ రైతు కౌలు కట్టుకుని చెరకు వేసుకోవచ్చు. 1976 చట్టంతో కౌలు ముప్ఫయ్యేళ్ళకి పెంచారు, దయగల ప్రభుత్వం. ముప్ఫయ్యేళ్ళ తర్వాత ఏంటని అడిగిన వాళ్ళకి తొందరెక్కువ.

ఇంత పకడ్బందీగా కట్టినా 1977 ఏప్రిల్‌లో ఘోరం జరిగింది. ప్రతిపక్షమైన నేషనల్ ఫెడరేషన్ పార్టీకి 26 సీట్లు, అలయన్స్‌కి 24. మారా గారు ఓడిపోయారు. ఇక్కడే యోగం అంటే ఏమిటో చూడాలి. గెలిచిన పార్టీ వాళ్ళు గెలుస్తామని కలలో కూడా అనుకోలేదు, కాబట్టి ప్రధాని ఎవరో అనుకుని పెట్టుకోలేదు. మూడు రోజులు కూర్చుని, లేచి, అలిగి, మళ్ళీ కూర్చుని, చివరికి స్వల్ప తేడాతో సిద్దిఖ్ కోయాను ఎన్నుకున్నారు. ప్రమాణానికి ఆయన సిద్ధమయ్యేసరికి గవర్నర్ జనరల్ రాతూ జార్జి థాకొంబావ్, ఆయనా పెద్ద దొరే, మారా గారితో ప్రమాణం చేయించేశారు. దేశాన్ని ఎంతసేపని ఖాళీగా ఉంచుతారు? కుర్చీకి దుమ్ము పడుతుంది. ఓడిన పార్టీ ప్రభుత్వం అవిశ్వాసంలో కూడా ఓడింది, అయితే ఏం, మళ్ళీ ఎన్నికలన్నారు. సెప్టెంబరు వచ్చేసరికి ప్రతిపక్షం పువ్వు గుర్తు ఒకటి, పావురం గుర్తు ఒకటి అని రెండు ముక్కలైంది. అలయన్స్‌కి 36. ప్రధాని అవ్వబోయి ఆగిపోయిన కోయా తన సీట్లోనే ఓడిపోయారు, ఓడించింది సొంత పార్టీ రెండో ముక్క అభ్యర్థి జై రామ్ రెడ్డి. ఇంటిపేరు చూశాక మన వాళ్ళకి నేనేం వివరించక్కర్లేదు. (ఈ రెడ్డి గారు తర్వాత పెద్దమనిషి నాయకుడయ్యారు, రువాండా నరమేధం కేసులు విన్న అంతర్జాతీయ న్యాయస్థానంలో జడ్జీ అయ్యారు. అది వేరే కథ, వ్యంగ్యానికి పనికిరాదు.)

1982లో 28, 24తో గట్టెక్కారు. ప్రతిపక్షానికి సోవియట్ డబ్బు ముట్టిందని మారా గారు ఆరోపించారు. విచారణ కమిషన్ వేస్తే ఆధారం దొరకలేదు. ఓట్లు పడ్డాక దొరకని ఆధారానికి విలువేముంది?

మధ్యలో న్యాయంగా ఒక మాట. ప్రపంచం ముందు ఆయన నిజంగానే పెద్ద మనిషి. మంచి పొడగరి, గంభీరమైన గొంతు. ఐక్యరాజ్య సమితిలో నిలబడి, పసిఫిక్ వాళ్ళం గొడవ పడం, కూర్చుని మాట్లాడుకుని ఒప్పందానికొస్తాం, అది మా పద్ధతి అని 1970లోనే చెప్పారు. సముద్ర చట్టం మీద ఐరాస ఒప్పందాన్ని 1982లో అన్ని దేశాల కంటే ముందు ఖరారు చేసింది ఫిజీయే. 1986 నవంబరులో పోప్ రెండవ జాన్ పాల్ వచ్చి, భిన్న జాతులు కలిసి బతికే ఈ దేశం ప్రపంచానికే ఆశాచిహ్నం అన్నారు. ఆరు నెలలు తిరగలేదు.

1987 ఏప్రిల్‌లో 28, 24, ఈసారి అంకెలు అవే, పార్టీలు తారుమారు. డాక్టర్ తిమోతి బవాంద్రా ప్రధాని అయ్యారు. చూశారా, వైద్యం చదువు పూర్తి చేసిన ఫిజీ డాక్టర్ చివరికి ఆ కుర్చీలోకే వచ్చాడు. మారా గారు రేడియోలో హుందాగా ఓటమి ఒప్పుకున్నారు, ఫిజీలో ప్రజాస్వామ్యం నిక్షేపంగా ఉందన్నారు. నెల రోజులు నిక్షేపంగానే ఉంది. మే 14న, అదేనండీ గుర్తుపెట్టుకోమన్న తేదీ, పార్లమెంటులోకి ముసుగులేసుకున్న సైనికులు వచ్చారు. సందర్శకుల గ్యాలరీలోంచి లెఫ్టినెంట్ కల్నల్ సితివేణి రంబుకా దిగి వచ్చి, ఇక సభ చాలించండి అన్నారు. భారతీయులు ఫిజీలో దిగి సరిగ్గా 108 ఏళ్ళు. శుభసంఖ్య.

మారా గారికి ముందే తెలుసని ప్రత్యర్థులన్నారు, నాకేం తెలియదని ఆయన చివరిదాకా అన్నారు. నేను ఆయన మాటే నమ్ముతున్నాను, యోగం ఉన్నవాడికి ముందుగా తెలియాల్సిన అవసరం ఏముంది? ఇల్లు తగలబడుతుంటే చూస్తూ కూర్చోలేక రంబుకా మంత్రివర్గంలో చేరారు. శాఖ, విదేశాంగం. ప్రజాస్వామ్యం నిక్షేపంగా ఉందని ప్రపంచానికి చెప్పాలంటే, నెల కిందటే ఆ మాట చెప్పిన మనిషి కంటే అనుభవజ్ఞుడు ఇంకెవరు దొరుకుతారు? సైన్యం ఎవరి మీద తిరగబడిందో ఆ గవర్నర్ జనరల్, అంటే వియ్యంకుడు గారు, రంబుకాకి క్షమాభిక్ష కూడా ఇచ్చారు. సెప్టెంబరులో మారా, బవాంద్రా ఇద్దరూ కూర్చుని రాజీకి వచ్చారు. అదే కదా పసిఫిక్ పద్ధతి. రెండు రోజులకి రంబుకా రెండోసారి తిరగబడి దేశాన్ని రిపబ్లిక్ చేసేశారు. డిసెంబరు 5న వియ్యంకుడు గారు రాష్ట్రపతి, ఆయన నియమించిన ప్రధాని మారా గారు.

ఏప్రిల్‌లో జనం దించిన మనిషి డిసెంబరుకల్లా అదే కుర్చీలో. ఈసారి ఓట్ల బాధ లేదు, ప్రతిపక్షం గొడవ లేదు, పువ్వు పావురం లేవు. నాలుగున్నరేళ్ళు. 1990లో కొత్త రాజ్యాంగం, అందులో 70 సీట్లకి భారతీయులకి 27, ప్రధాని పదవి స్థానికులకే అని రాసిపెట్టారు. మన వాళ్ళు చదువుకున్నవాళ్ళు చదువుకున్నట్టే సిడ్నీ, ఆక్లాండ్, వాంకూవర్ విమానాలెక్కారు. 1992లో ప్రధాని పదవి రంబుకాకి వెళ్ళింది, మారా గారు ఉపరాష్ట్రపతి. 1993 డిసెంబరులో వియ్యంకుడు గారు కాలం చేశారు. రాష్ట్రపతి కుర్చీ ఖాళీ అయింది. ఎవరిచ్చారో, ఎవరు కూర్చున్నారో మళ్ళీ రాయడం విసుగు.

తర్వాతి భాగం మాత్రం ఏ జ్యోతిష్కుడూ చెప్పలేకపోయాడు. 1997లో రంబుకా, జై రామ్ రెడ్డి కలిసి మంచి రాజ్యాంగం రాయించారు, దాని కింద 1999లో ఇద్దరూ చిత్తుగా ఓడారు. మహేంద్ర చౌదరి గెలిచి తొలి భారత సంతతి ప్రధాని అయ్యారు. కూటమిలో స్థానికులు మొహం మాడ్చుకుంటే, పోనీలెండి, గెలిచాడు కదా అని నచ్చజెప్పింది రాష్ట్రపతి మారా గారే. ఆయన కూతురు కోయిలా ఆ మంత్రివర్గంలో మంత్రి. ఎనభయ్యో ఏట ఆయన మొదటిసారి ఎన్నికల ఫలితాన్ని ఫలితంగా ఒప్పుకున్నారు, తన కుర్చీ జోలికి రానిదే అయినా. ఏడాదికి, 2000 మే 19న, జార్జి స్పైట్ అనే వ్యాపారి తుపాకులతో పార్లమెంటులోకి వెళ్ళాడు. ప్రధానితో పాటు కోయిలా కూడా బందీ.

రాజ్యాంగ పండితులు ఇక్కడ మారా గారి చాతుర్యానికి నమస్కారం పెట్టాలి. బందీగా ఉన్న ప్రధాని పనిచేయలేడు కాబట్టి ప్రధానిని తీసేయాలి. పార్లమెంటుని వాయిదా వేయాలంటే ప్రధాని సలహా ఇవ్వాలి. అందుకని బయట మిగిలిన తెవితా మొమొయెదొను అనే మంత్రిని ప్రధానిగా నియమించారు, ఆయన సలహా ఇచ్చారు, కొన్ని నిమిషాల్లో రాజీనామా కూడా ఇచ్చారు. మన దగ్గర ఒక సర్టిఫికెట్ కోసం ఎమ్మార్వో ఆఫీసులో నిలబడే టైములో అక్కడ ఒక ప్రధాని పదవీకాలం పూర్తయింది. అధికారమంతా రాష్ట్రపతి చేతికొచ్చింది.

రెండు రోజులే. మే 29న నౌకాదళం ఓడ మీద ఉన్న ఆయన దగ్గరికి నలుగురు పెద్దమనుషులు వెళ్ళి, కొంచెం పక్కకి తప్పుకుంటారా అని అడిగారు. సైన్యాధిపతి బైనిమరామా, పోలీసు కమిషనర్, 1987లో కుర్చీ ఇప్పించిన రంబుకా. నాలుగో ఆయన సొంత అల్లుడు ఎపెలి గనిలావ్. రాజ్యాంగం తీసేస్తామన్నారు. అది పోతే నేనూ పోతానని మారా గారు తన లకేంబా దీవికి వెళ్ళిపోయారు. 1987లోనూ ఒక రాజ్యాంగం పోయింది, అప్పుడు మాత్రం ఆయన ఉండిపోయారు. 2004 ఏప్రిల్‌లో పోయారు, ప్రభుత్వ లాంఛనాలతో లకేంబాలోనే సమాధి చేశారు.

2006లో బైనిమరామా తన వంతు తిరుగుబాటు చేసి, తర్వాత ఎన్నికలూ గెలిచి, పదహారేళ్ళు ఏలి, 2022లో ఓడారు. ఆయన స్థానంలో ప్రధాని అయింది సితివేణి రంబుకా. ఈసారి ఓట్లతో, అదీ భారతీయుల పాత పార్టీ నేషనల్ ఫెడరేషన్‌తో పొత్తు పెట్టుకుని. 2023 మేలో ఆయన 1987కి క్షమాపణ చెప్పారు, గిర్మిటియాలు ఫిజీలో దిగిన రోజు గుర్తుగా జాతీయ సెలవు ప్రకటించారు. తేదీ ఏమిటో ఆయనకి ఎవరూ గుర్తుచేయాల్సిన పని పడి ఉండదు.