మాన్యువల్ తెరవకుండా ఇంజన్ ఆయిల్ ఎంచుకోవడం ఎలా?

స్పోర్ట్స్ కారు కొన్నవారికి దాని తయారీదారు చేసే అన్యాయాల్లో అన్నిటికంటే ఘోరమైనది, మాన్యువల్ చివర్లో ఎక్కడో అచ్చువేసే ఒక పేజీ. ఏ గ్రేడు ఆయిల్ పోయాలి, డబ్బా మీద ఏ ఆమోద సంకేతం ఉండాలి, ఎన్ని లీటర్లు పడుతుంది, ఎన్నాళ్లకు మార్చాలి, అన్నీ అందులోనే రాసేస్తారు. చదవడానికి రెండు నిమిషాలు చాలు. ఇక మనిషి చేయడానికి ఏం మిగిలింది? ఎప్పటికీ వాడుకోలేని వేగాన్ని అంత ఖరీదు పెట్టి సొంతం చేసుకున్న వ్యక్తి, సాదా కారు యజమాని లాగే డబ్బా మీది అక్షరాలు సరిచూసుకుని ఇంటిదారి పట్టాలా? ఇది ఆత్మగౌరవానికి సంబంధించిన విషయం. కాబట్టి ఆ పేజీ బారిన పడకుండా ఆయిల్ ఎంచుకునే మార్గాన్ని ఎవరో ఒకరు బాధ్యతగా వివరించాలి.

చిక్కదనంతో మొదలుపెడదాం. పెద్ద అంకె ఉన్న ఆయిల్ గొప్పదన్న జ్ఞానం మనకు పుట్టుకతోనే వస్తుంది. 30 కంటే 40 మిన్న, 40 కంటే 60 మిన్న. ఆయిల్ గ్రేడులను నిర్వచించే ఎస్‌ఏఈ జె300 అనే ప్రమాణం మాత్రం, 5డబ్ల్యూ-30 లాంటి పేరులో రెండో అంకె కేవలం వేడి మీద ఆయిల్ ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుందని, వంద డిగ్రీల దగ్గర 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ (చిక్కదనపు కొలమానం) లోపు ఉంటే 30 అని, అక్కడి నుంచి 16.3 లోపు అయితే 40 అని నీరసంగా లెక్కలు కడుతుంది. అందులో శౌర్యం గురించి ఒక్క మాటైనా లేదు. బీఎండబ్ల్యూ ఒకప్పుడు తన స్పోర్ట్స్ కార్లలోని కొన్ని ఎం ఇంజన్లకు 10డబ్ల్యూ-60 పోయమన్నది నిజమే. అవి ఎక్కువ వేగంతో తిరిగే ఫలానా ఇంజన్లు. ఆ తర్వాత వచ్చిన టర్బో ఎం ఇంజన్లకు అదే కంపెనీ పలుచటి గ్రేడులు చెప్పింది. ఈ రెండో సంగతిని మనం పట్టించుకోనక్కరలేదు. టొయోటా జీఆర్86కు 0డబ్ల్యూ-20 చాలంటుంది. కార్వెట్‌కు ఏళ్ల తరబడి 5డబ్ల్యూ-30 చెప్పిన జనరల్ మోటార్స్, 2019 మోడల్ నుంచి 0డబ్ల్యూ-40కి మారింది. బేరింగుకూ షాఫ్టుకూ మధ్య ఉండే సందును బట్టి, ఆయిల్ పంపును బట్టి, పరీక్షల్లో చూసిన వేడిని బట్టి ఒక్కో ఇంజన్‌కు ఒక్కో గ్రేడు నిర్ణయిస్తామని వాళ్లు చెప్పుకుంటారు. ఇంజన్ తయారుచేసినంత మాత్రాన దాని గురించి అన్నీ తెలిసిపోతాయా?

చిక్కటి ఆయిల్ పోయగానే ప్రెషర్ గేజ్‌లో ముల్లు పైకి లేస్తుంది. ఆ ముల్లు చెప్పేది, ఆయిల్ సందుల్లోంచి కదలడానికి మొరాయిస్తోందని. మనం అర్థం చేసుకోవలసింది మాత్రం, ఇంజన్ ఆనందంగా ఉందని. పీడనం హద్దు దాటితే రిలీఫ్ వాల్వు తెరుచుకుని, బేరింగులకు చేరవలసిన ఆయిల్‌లో కొంత దారిలోనే వెనక్కి మళ్లుతుంది. అది గేజ్‌లో కనబడదు. కనబడనిదాని గురించి చింతించడం వివేకవంతుల లక్షణం కాదు.

ఇక్కడ చలి సంగతి ఎత్తి చర్చను చెడగొట్టేవారు కొందరుంటారు. డబ్ల్యూ ముందున్న అంకె గడ్డకట్టే చలిలో ఇంజన్ తిరగడానికి సంబంధించినదని, 5డబ్ల్యూకి మైనస్ 30 డిగ్రీల దగ్గర, 10డబ్ల్యూకి మైనస్ 25 దగ్గర పరీక్ష ఉంటుందని వాళ్ల వాదన. అంతటితో ఆగరు. పేరున్న 0డబ్ల్యూ-40 ఆయిల్ కూడా వంద డిగ్రీల దగ్గర 13 సెంటీస్టోక్స్ ఉంటే, నలభై డిగ్రీల దగ్గర దాదాపు 70 ఉంటుందట. అంటే చల్లటి ఇంజన్‌లో ఏ ఆయిల్ అయినా కావలసినదానికంటే చిక్కగానే ఉంటుంది, మరీ పలుచగా ఉండే ప్రమాదమే లేదు. ఇంత సూటిగా మాట్లాడేవారితో వాదించకూడదు. వాళ్లు మాన్యువల్ చదివి ఉంటారు.

ఇక స్వచ్ఛత. సింథటిక్ అని రాసి ఉన్నంత మాత్రాన లొంగిపోవడం అమాయకత్వం, అది అసలు సింథటికేనా అని ఆరా తీయాలి. ఈ విషయంలో మనకు చరిత్ర బలం ఉంది. అమెరికన్ పెట్రోలియం సంస్థ (ఏపీఐ) ఆయిల్‌కు ఆధారమైన మూల నూనెలను ఐదు వర్గాలుగా విడదీసింది. మూడో వర్గం ముడి చమురు నుంచే వస్తుంది, కాకపోతే హైడ్రోజన్‌తో తీవ్రంగా శుద్ధి చేస్తారు. నాలుగోది చిన్న అణువులను కూర్చి తయారుచేసే పీఏఓ అనే కృత్రిమ నూనె. ఈస్టర్ల వంటివన్నీ ఐదులోకి వస్తాయి. 1990ల చివర్లో క్యాస్ట్రాల్ తన సింథటిక్ ఆయిల్‌ను పీఏఓ నుంచి మూడో వర్గానికి మార్చడంతో, అది సింథటిక్ ఎలా అవుతుందని మొబిల్ ఫిర్యాదు చేసింది. ప్రకటనల తగవులు తీర్చే అమెరికా సంస్థ 1999లో క్యాస్ట్రాల్ వైపే తీర్పు చెప్పింది. ఇక అడ్డేముంది? అంతదాకా ఖరీదైన పీఏఓ దారిలో నడిచిన కంపెనీలకు కూడా మూడో వర్గం చేదు కాలేదు. జర్మనీలో మాత్రం పూర్తి సింథటిక్ అన్న ముద్ర నాలుగు, ఐదు వర్గాలకే దక్కుతుంది. కాబట్టి ఒకే డబ్బాలోని ఆయిల్ ఒక తీరంలో కులీనురాలు, మరో తీరంలో కాదు. దేశాలు దాటే కొద్దీ వంశం మారిపోయే ద్రవం ప్రపంచంలో ఇంకొకటి ఉంటుందని నేననుకోను.

ఈ వివాదంలో ఇంజన్ మౌనంగా ఉంటుంది. దానికి కావలసింది వేడికి తట్టుకోవడం, ఆవిరై పోకపోవడం, మసిని తనలో కలుపుకుని పట్టి ఉంచడం. మంచి మూడో వర్గం ఆయిల్ ఆ పరీక్షలన్నీ నెగ్గి తయారీదారు ఆమోదం తెచ్చుకుంటుంది, చవకబారు మిశ్రమం పీఏఓ పేరు చెప్పుకుని కూడా నెగ్గలేకపోవచ్చు. చలికీ వేడికీ ఒకే ఆయిల్ సరిపోవడానికి అందులో పాలిమర్లు కలుపుతారు. అవి చల్లగా ఉన్నప్పుడు దారపు ఉండల్లా ముడుచుకుని, వేడెక్కితే విచ్చుకుంటాయి. గేర్లూ బేరింగులూ వాటిని కోసి కోసి చివరికి ఆయిల్‌ను పలుచన చేస్తాయి. మూల నూనె మేలైనదైతే ఆ పాలిమర్ల అవసరం తగ్గుతుంది. ఇదంతా నిజంగా ఆసక్తికరమైన రసాయన శాస్త్రం. అందుకే దీని గురించి ఎవరూ మాట్లాడరు.

అన్నిటికంటే విసుగు పుట్టించేవి ఆమోద సంకేతాలు. పోర్షే ఏ40, పోర్షే సీ30, బీఎండబ్ల్యూ ఎల్ఎల్-01. వీటిలో కవిత్వం ఏదీ? డబ్బా వెనక ఎంత చక్కటి భాష ఉంటుందో చూడండి: ఫలానా కార్లకు అనుకూలం, ఫలానా ప్రమాణాల స్ఫూర్తికి తగినది, అవసరాలను అందుకోగలదు. పరీక్ష రాసి పాసైనవాడికీ, పాసయ్యే సత్తా తనకుందని తనే చెప్పుకునేవాడికీ మధ్య ఉన్న తేడాను ఇంత మర్యాదగా దాచిన వాక్యాలు అరుదు. కారు కంపెనీ తన ఇంజన్ల మీద నెలల తరబడి నడిపించి ఇచ్చిన ఆమోదాన్నీ, అమ్మేవాడు సొంత నమ్మకంతో రాసుకున్న ఆశాభావాన్నీ సమానంగా చూడటమే ఉదారత.

అయినా ఒక్క డబ్బాతో తృప్తి పడటమేమిటి? పక్కనే చిన్న సీసాలు ఉంటాయి, మెరుపుల బొమ్మలతో. ఆయిల్ తయారీ కంపెనీలోని రసాయన శాస్త్రవేత్తలు ఏదో మరిచిపోయి ఉంటారు, ఆ లోటు మనం పూడ్చాలి. అరుగుదల తగ్గించడానికి ఆయిల్‌లో వాళ్లు కలిపే జింక్ సమ్మేళనంలో భాస్వరం ఉంటుంది, అది పొగగొట్టంలోని ఉత్ప్రేరకాన్ని పాడుచేస్తుంది. అందుకే 30, అంతకంటే పలుచటి గ్రేడుల్లో భాస్వరం 800 పీపీఎం (పది లక్షల్లో 800 వంతులు) దాటకూడదని పరిమితి పెట్టారు. టర్బో ఇంజన్లలో తక్కువ వేగం దగ్గర పెట్రోల్ ముందే అంటుకునే బెడద ఆయిల్‌లో కాల్షియం ఎక్కువైతే పెరుగుతుందని తెలిసి, 2020లో వచ్చిన ఏపీఐ ఎస్పీ ప్రమాణంలో దానికి వేరే పరీక్షే చేర్చారు. ఇంత తూచి పోసిన మిశ్రమంలో మన వంతు మరో సీసా ఒంపడం నిజంగా సాహసమే. 1997లో స్లిక్ 50 అనే టెఫ్లాన్ తరహా సీసా అమ్మినవారు, ప్రకటనల్లో చేసిన ఆరోపిత అతిశయోక్తుల విషయంలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో రాజీకి రావలసి వచ్చింది. మామూలు ఆయిల్ పోసిన చాలా ఇంజన్లకు స్టార్ట్ చేసేటప్పుడు తగినంత రక్షణ ఇప్పటికే ఉందని కమిషన్ అభిప్రాయం. ప్రభుత్వాలకు కలలంటే గిట్టదు.

ఇంతకీ ఈ కారు ఎక్కడికి వెళుతుంది? ఆదివారం ఉదయం కవరు తీస్తారు. పది నిమిషాలు మెల్లగా తిప్పి తీసుకొచ్చి మళ్లీ కప్పేస్తారు. రేసు ట్రాక్ కోసం పుట్టిన ఆయిల్ ఆ పది నిమిషాల్లో పూర్తిగా వేడెక్కనే వేడెక్కదు, అది కూలెంట్ కంటే నెమ్మదిగా వేడెక్కుతుంది. మండకుండా మిగిలిన పెట్రోల్, నీటి తేమ అందులో చేరి ఆవిరయ్యే అవకాశం లేక అక్కడే ఉండిపోతాయి. ఇలాంటి కారుకు శత్రువు గంటకు మూడు వందల కిలోమీటర్ల వేగం కాదు, దగ్గరి ప్రయాణం. దానికి మందు కిలోమీటర్ల లెక్క చూడకుండా ఏడాదికోసారి ఆయిల్ మార్చడం. ఏ ఆయిల్ పోయాలని ఏడాదంతా చర్చించిన యజమాని, తీరా ఏడాది తిరిగేసరికి, కారు నడిచిందే లేదు కదా, ఇంకో ఏడాది ఆగుదాం అంటాడు. పొదుపు!

ట్రాక్ మీదికి నిజంగానే తీసుకెళ్లేవారు కొందరు లేకపోలేదు. వారికి గ్రేడు కంటే ముందు ఆయిల్ మట్టం ముఖ్యం. పొడవైన మలుపులో కారు ఒక పక్కకు లాగుతుంటే ఇంజన్ కింది తొట్టి, అంటే సంపులోని ఆయిల్ అంతా గోడకు ఎక్కుతుంది, తొట్టి అడుగున పీల్చే గొట్టానికి గాలి తగులుతుంది. ఒక లీటరు తక్కువగా ఉంటే ఎంత ఉత్తమ వంశానికి చెందిన ఈస్టర్ అయినా అక్కడ ఏమీ చేయలేదు, అది లేదు కాబట్టి. అయితే మట్టం చూడాలంటే బానెట్ ఎత్తాలి, కడ్డీ లాగాలి, తుడవాలి, చేతులు మాసిపోతాయి. కొన్ని కొత్త కార్లలో ఆ కడ్డీనే తీసేసి మట్టాన్ని డ్రైవరు ఎదురుగా తెర మీద చూపిస్తున్నారు. తయారీదారులు మన పట్ల చూపిన మర్యాద ఇదొక్కటే. లీటరు తక్కువైందని ఆ తెర హెచ్చరించినప్పుడు కంగారుపడి ఏదో ఒకటి పోసేయకండి. ఆ లీటరు మూడో వర్గమా, నాలుగో వర్గమా అన్నది ముందు తేలాలి. తేలేదాకా కారు కదపకండి. ఇంజన్‌కు మేలు చేసే సలహా ఈ వ్యాసం మొత్తంలో బహుశా ఇదొక్కటే.