పైన పటారం, లోన లొటారం

గ్యాస్ పైపులైన్ల తనిఖీ అంటూ డబ్బు తగలేయడం మీద నాకు మొదట్నుంచీ అభ్యంతరమే. మీటరు లోతున పాతిపెట్టిన గొట్టం తన మానాన తను పడుకుని ఉంటే దాన్ని లేపి, నాలుక చాపించి, నాడి చూడడం ఏమిటండీ? మన ఇళ్ళల్లో ఒంట్లో బాగున్నప్పుడు రక్తపరీక్ష చేయించుకునేవాళ్ళు ఎంతమంది? చేయించుకుంటే రిపోర్టు వస్తుంది, రిపోర్టుతో పాటు టెన్షన్ వస్తుంది. దేశమంతా ఈ సూత్రం మీదే హాయిగా బతికేస్తుంటే, గొట్టానికొక్కదానికే ఎందుకీ వైభోగం?

పైగా తనిఖీ చేసే యంత్రం పేరేమిటో తెలుసా, పిగ్. అవును, పందే. లోపల రాసుకుంటూ పోయేటప్పుడు పందిలా అరిచేదట, అందుకని ఆ పేరంటారు. దాన్ని ఒక చివర లోపలికి వదిలితే గ్యాసే వెనక నుంచి తోసుకుంటూ పోతుంది. ఒంటినిండా అయస్కాంతాలు, సెన్సర్లు. ఇనుము ఎక్కడ పల్చబడిందో అక్కడ అయస్కాంత క్షేత్రం గోడ దాటి బయటికి చిమ్ముతుంది, పంది దాన్ని రాసిపెట్టుకుని అవతలి చివర తేలుతుంది. ఫలానా కిలోమీటరు దగ్గర, గొట్టం అడుగున, మందంలో ఇంత హరించుకుపోయింది అని మొహమాటం లేకుండా చెప్పేస్తుంది. ఇక అక్కడ తవ్వాలి, గ్యాసు ఆపాలి, ఆ ముక్క కోసి కొత్తది అతకాలి, గ్యాసు ఆపితే అవతల కరెంటు ప్లాంటు వాళ్ళు ఊరుకోరు. ఒక్క పంది నోరు విప్పినందుకు ఇంతమంది నిద్ర పాడు. అసలు పందిని పంపకపోతే ఈ గొడవే లేదు కదా!

అలాగని బయటి నుంచి చేసే సేవకు లోటేమీ ఉండదు లెండి. గొట్టానికి పూత పూస్తారు, పూత లేచిన చోట తుప్పు పట్టకుండా సన్నగా కరెంటు పారిస్తారు, దారి పొడవునా చిన్న స్తంభాలు పెట్టి మీటరుతో రీడింగు తీస్తారు. అది మైనస్ 850 మిల్లీవోల్టులు గానీ, ఇంకా మైనస్ వైపుకి గానీ ఉంటే లెక్క ప్రకారం గొట్టం క్షేమం. బయటివైపు క్షేమం. లోపలి తుప్పుకి ఈ కరెంటుతో సంబంధం లేదు. గ్యాసులో తేమ, బొగ్గుపులుసు వాయువు కలిసి వెళ్ళాయనుకోండి, రెండూ కలిసి సోడానీళ్ళ వాటం పులుపవుతాయి, పల్లం చూసుకుని గొట్టం అడుగున చేరతాయి, ఏళ్ళ తరబడి తాపీగా నాకుతూ కూర్చుంటాయి. రిజిస్టరులో మాత్రం మైనస్ 850 నీటుగా పడుతూనే ఉంటుంది.

2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోని నగరం అనే ఊళ్ళో పేలింది అలాంటి గొట్టమే. తాటిపాక నుంచి కొండపల్లి వైపు వెళ్ళే 18 అంగుళాల లైను, ప్రభుత్వ గ్యాసు సంస్థ గెయిల్ వాళ్ళది. పొడి గ్యాసు కోసం వేసిన దాంట్లో తడి గ్యాసు పంపారని తర్వాత విచారణలో తేలింది. 20 మందికి పైగా చనిపోయారు, కొబ్బరిచెట్లు నిలువునా కాలిపోయాయి. టీ దుకాణంలో పొయ్యి వెలిగించగానే అంటుకుందని చెప్పుకున్నారు, ఇప్పటికీ ఎవరినడిగినా గుర్తొచ్చేది ఆ పొయ్యే. చిల్లు పడడానికి పట్టిన ఏళ్ళ సంగతి ఎవరూ ఎత్తరు. పొయ్యి వెలిగించడానికి ఒక్క క్షణం చాలు కాబట్టి దాన్ని ‘ప్రమాదవశాత్తు’ అని రాసుకోవచ్చు, ఏళ్ళ తరబడి జరిగినదాన్ని ఆ మాటలో ఇరికించడం నాలాంటి వ్యాసకర్తకే కష్టం.

ఇంతకీ మా మావయ్యగారి కొబ్బరితోటలోంచి కూడా ఒక లైను పోతుంది. ఏ సంస్థదో నాకు తెలీదు, బోర్డు మీద పేరు ఎండకి వెలిసిపోయింది. ‘తవ్వరాదు’ అన్న మాట మాత్రం మిగిలింది, దాని గుంజకి మేకని కట్టేస్తారు. రీడింగు స్తంభం పెట్టెలో కందిరీగలు గూడు పెట్టాయి, మరి రీడింగు తీసేవాళ్ళు వాటి అనుమతి ఎలా తీసుకుంటున్నారో! మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు అక్కడేదో వాసన తగిలి, బోర్డు మీది నంబరుకి ఫోన్ చేద్దామనుకున్నాను. చివరి అంకె లేదు. పోనీ అని సున్నా నుంచి మొదలుపెట్టి వరసగా కొట్టుకుంటూ పోయాను. కొన్ని మోగలేదు, కొన్ని ఎత్తలేదు, ఏడో అంకె దగ్గర ఒకాయన ఎత్తాడు.

“ఆయ్, చెప్పండి.”

“తోటలో గ్యాసు వాసన వస్తోందండీ.”

“తోటా? ఎన్ని చెట్లండీ?”

“ఓ రెండొందలుంటాయి.”

“దింపు తీసి ఎన్నాళ్ళయ్యిందండీ?”

నలభై రోజులైందన్నాను. ఇంకా ఆగితే కాయ ముదిరిపోద్దండీ, రేపు పొద్దున్నే మా కుర్రాళ్ళని పంపుతాను, మీరు దగ్గరుండి చూసుకోండి అన్నాడు. అన్నట్టే ఆరింటికల్లా నలుగురొచ్చారు. అందులో ఒకడు చెట్టెక్కబోతూ ముక్కు ఎగబీల్చి, బీడీ తీసి చెవి మీద పెట్టుకున్నాడు. ఆ లైనుకి నా కళ్ళతో చూసిన తనిఖీ ఇప్పటిదాకా అదొక్కటే.