రెస్క్యూ సెంటర్ వస్తే ఎలుగుబంట్లు ఊర్లోకి వస్తాయంట, ఈ మెసేజ్ పంపే ముందు ఇది చదవండి

కళ్యాణదుర్గం, రాయదుర్గం గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతా ఉంది. దెబ్బ తగిలిన అడవి జంతువులకి వైద్యం చేసి మళ్లీ అడవిలో వదిలే సెంటర్ మన పక్కనే పెట్టాలని కొంతమంది సంతకాలు అడుగుతున్నారు కదా, దానికి ఎవరూ సంతకం పెట్టొద్దు అని. కారణాలు నాలుగు చెప్పినారు: ఎలుగుబంట్లు చిరుతలు ఊర్లోకి వస్తాయి, భూములు పోయి గొర్రెల మేత బంద్ అయితుంది, తిరుపతి జూ ఉండగా ఇంకోటి ఎందుకు, మనుషులకే డాక్టర్లు లేకపోతే జంతువులకా. నేను సంతకం పెట్టినా, ఇంకా నలుగురితో పెట్టిస్తా.

ఎలుగుబంట్లు వస్తాయి అంటున్నారు, ఇప్పుడు రావట్లేదా అన్నా? మన బండరాళ్ల గుట్టలే వాటి ఇల్లు, ఎండాకాలం గుట్టలో నీళ్లు ఎండిపోతే చేన్లోకి దిగుతాయి, శెనక్కాయల కోసం, సీతాఫలాల కోసం, పుట్టల్లో చెదల కోసం వస్తాయి. సెంటర్లో బోనులో కాలు విరిగి పడుకున్న జంతువు గుట్టలో ఉన్నదాన్ని రా అని పిలవదు. సెంటర్ ఉన్నా లేకపోయినా అవి వస్తాయి, వచ్చినప్పుడు ఏం చేస్తాం అనేదే అసలు ప్రశ్న. గట్టులేని పాడుబావిలో ఎలుగు పడితే ఊరు ఊరంతా చుట్టూ చేరి అరుస్తా రాళ్లేస్తా సెల్‌ఫోన్లు పట్టుకుని నిలబడతారు, అది బెదిరిపోయి పైకొస్తే ముందు దొరికే మనిషినే చీరుతుంది. మత్తు ఇంజక్షన్ వేసే టీమ్ పక్కనే ఉంటే ముందు బతికేది మనుషులు.

భూముల మాటకి వస్తే ఈ భయం నాకు అర్థమైతుంది, తేలిగ్గా తీసేయను. కర్నూలు వైపు రోళ్లపాడులో 1988లో బట్టమేక పిట్ట కోసం అభయారణ్యం పెట్టినాక జింకలు పెరిగి చుట్టుపక్కల రైతులు పంటలు పోగొట్టుకున్నారు, ఆ కోపం ఉత్తది కాదు. కానీ అభయారణ్యం వేరు, ఈ సెంటర్ వేరు. అభయారణ్యం అంటే 1972 వన్యప్రాణి చట్టం కింద ఇంత అడవి అని హద్దులు గీసి ప్రకటిస్తారు. ఇది ఒక కాంపౌండ్ లోపల ఆసుపత్రి లాంటిది, నాలుగు షెడ్లు, ఎన్‌క్లోజర్లు, ఒక వెటర్నరీ డాక్టర్. దాని చుట్టూ మేత బంద్ చేసే రూలేమీ లేదు.

ఇంక తిరుపతి జూ. చాలామంది ఈ మాటకే పడిపోతున్నారు, అందుకే కొంచెం ఎక్కువ చెప్తా. 2023 మార్చిలో నంద్యాల జిల్లా ఆత్మకూరు ఫారెస్ట్ డివిజన్ పెద్దగుమ్మడాపురంలో నాలుగు పులి పిల్లలు దొరికితే ఊరోళ్లే కుక్కల బారిన పడకుండా కాపాడి ఫారెస్ట్ వాళ్లకి అప్పజెప్పినారు, తల్లితో కలపాలని చూసి కుదరక తిరుపతి జూకి పంపినారు. పులి పిల్లలంటే రాష్ట్రమంతా కదిలింది, వాహనాలొచ్చినాయి, డాక్టర్లొచ్చినారు. మరి కుక్కలు తరిమిన కృష్ణజింకకి? మాంజా దారం తగిలి రెక్క తెగిన గుడ్లగూబకి? అడవి పందుల కోసం పెట్టిన ఉచ్చులో కాలు ఇరుక్కున్న చిరుతకి? అనంతపురం నుంచి తిరుపతికి దగ్గర దగ్గర 280 కిలోమీటర్లు, మే నెల ఎండలో ఆటోలో గుడ్లగూబని పెట్టుకుని ఎవరు పోతారు చెప్పండి. జింకకైతే ఇంకో చిక్కు, భయంతో పరిగెత్తి పరిగెత్తి లోపల కండరాలు దెబ్బతింటాయి, పైకి ఒక్క గాయం కనపడదు కానీ గంటల్లోనో రెండు మూడు రోజులకో చచ్చిపోతుంది, దాన్ని అంత దూరం బండిలో కుదిపితే దారిలోనే పోతుంది. అదే పక్కన చీకటి రూము, సెలైన్, తెలిసిన డాక్టరు ఉంటే ఒక అవకాశం ఉంటుంది.

జింక పిల్లల సంగతి చూడండి. చేన్లో దొరికితే జాలితో ఇంటికి తెచ్చి పిల్లలు సీసాతో ఆవు పాలు పడతారు, మనసు మంచిదే, కానీ ఆ పాలు పడక కొన్ని చచ్చిపోతాయి, బతికినవి మనిషికి అలవాటుపడి కుక్కని చూసినా పారిపోవు. పైగా అడవి జంతువు ప్రభుత్వ ఆస్తి, చేతికొస్తే 48 గంటల్లో చెప్పాలని చట్టంలోనే ఉంది, ఆ కేసు భయానికి కొంతమంది చూసీ చూడనట్టు పోతారు. పక్కనే సెంటర్ ఉంటే ఫోన్ చేసి అప్పజెప్పి మన పని మనం చూసుకోవచ్చు.

మనుషులకి డాక్టర్లు లేరు అనేది నిజం, దాని కోసం ధర్నా పెడితే నేనూ వస్తా. కానీ సెంటర్ ఆగితే పీహెచ్‌సీకి డాక్టర్ రాడు, రెండూ అడగాల్సిందే.

మనవాళ్లకి ఇవి పట్టవు అనే మాట కూడా ఒప్పుకోను. చిలమత్తూరు దగ్గర వీరాపురంలో ప్రతి ఏడూ కొంగలు వచ్చి ఇళ్ల మధ్య చింతచెట్లలోనే గూళ్లు పెడతాయి, ఊరోళ్లు వాటిని పుట్టింటికొచ్చిన ఆడబిడ్డల్లా చూసుకుంటారు.

సంతకం పెట్టేటప్పుడు గుడ్డిగా పెట్టొద్దు, గ్రామసభ తీర్మానంలో కొన్ని రాయించండి: టికెట్ పెట్టి జంతువుల్ని చూపించే పార్కు కాకూడదు, బాగైన జంతువుని ఎక్కడ వదులుతారో ముందే ఊర్లకి చెప్పాలి, రాత్రి పూట ఎత్తే ఫోన్ నంబర్ ఉండాలి, పాడుబావులకి గట్టు కట్టే పని కూడా దీంతోపాటే మొదలుపెట్టాలి.