జావా దొడ్డిదారికి తాళం పడుతోంది

పదేళ్లు దాటిన జావా ప్రాజెక్టు ఏది చేతికొచ్చినా నేను ముందు వెతికే మాట ఒకటుంది: 'సన్ డాట్ మిస్క్'. జావాతో పాటే వచ్చే లోపలి క్లాసులున్న ప్యాకేజీ పేరది. ఎక్కడో ఒక మూల అది దొరక్క మానదు. ఒక ఆర్థిక సంస్థ పాత అప్లికేషన్‌ను జావా 8 నుంచి 17కి మార్చే పని మా టీమ్‌కి వచ్చినప్పుడూ దొరికింది. డిజిటల్ సంతకం సరిచూసే కోడ్‌లో డేటాను మామూలు అక్షరాలుగా మార్చే బేస్64ఎన్‌కోడర్ అనే క్లాస్ వాడారు. అది జావా తయారుచేసినవాళ్లు తమ లోపలి అవసరానికి రాసుకున్నది. జావా 9లో తీసేశారు. అధికారికంగా వాడుకోదగ్గ బేస్64 క్లాస్ 2014లో జావా 8తోనే వచ్చేసింది కాబట్టి, ఒక్క లైన్ మారిస్తే సరిపోతుందనుకున్నాం.

సరిపోలేదు. కంపైల్ అయింది, చిన్న టెస్టులన్నీ పాసయ్యాయి. కాస్త పొడుగు మెసేజీల దగ్గరికొచ్చేసరికి సంతకాలు కలవడం మానేశాయి. పాత క్లాస్ ప్రతి 76 అక్షరాలకు లైన్ విరిచేది, కొత్తది మామూలుగా వాడితే విరవదు. అవతలి సిస్టమేమో ఆ విరుపులతో సహా పోల్చుకుంటోంది. ఈమెయిల్ ప్రమాణాన్ని పాటించే మైమ్ రకం ఎన్‌కోడర్ పెట్టి చూశాం. అది విరుస్తుంది గానీ, న్యూలైన్‌కి ముందు ఒక క్యారేజ్ రిటర్న్ కూడా చేరుస్తుంది. లినక్స్ మీద పాతది అలా చేసేది కాదు. లైన్ చివర ఏ గుర్తుండాలో మనమే చెప్పే పద్ధతి ఒకటుందని తెలిసేసరికి రెండు రోజులు గడిచాయి. కంటికి కనిపించని ఒక్క అక్షరం కోసం రెండు రోజుల టెన్షన్.

ఆ కోడ్ రాసినవాణ్ణి తిట్టుకోవడం తేలిక. ఇది అంతర్గత ఏపీఐ (ప్రోగ్రాములు పిలిచి వాడుకునే కోడ్), ముందు ముందు తీసేయొచ్చు అని కంపైలర్ ప్రతి బిల్డ్‌లోనూ చెబుతూనే ఉంది. కానీ జావా 8 వచ్చేదాకా బేస్64 కోసమంటూ జావాలో తిన్నగా ఒక క్లాసే లేదు. ముందు గుమ్మం లేని ఇంటికి జనం దొడ్డిదారినే వస్తారు.

ఇదే కథ పెద్ద ఎత్తున నడిచింది 'అన్‌సేఫ్' అనే క్లాస్ విషయంలో. 2002లో జేడీకే (జావా డెవలప్‌మెంట్ కిట్) లోపలి పనుల కోసం దాన్ని పెట్టారు. జావా మెమరీ నిర్వహణను పక్కన పెట్టి నేరుగా మెమరీ తీసుకోవచ్చు, రాయొచ్చు, వదిలేయొచ్చు. హద్దులు చూసేవాడు ఉండడు. లెక్క తప్పితే ఎక్సెప్షన్ రాదు, ప్రోగ్రామును నడిపించే జేవీఎమ్మే మొత్తం కూలిపోతుంది. పేరులోనే ప్రమాదం ఉంది, పైగా మామూలు కోడ్ అడిగితే ఇవ్వకుండా కాపలా కూడా ఉంది. మనవాళ్లు ఊరుకుంటారా? క్లాసుల లోపలికి తొంగిచూసే రిఫ్లెక్షన్ అనే సౌకర్యంతో లోపల 'దిఅన్‌సేఫ్' అనే ప్రైవేట్ ఫీల్డ్‌ను పట్టుకుని బయటికి లాగారు. ఆ నాలుగు లైన్ల కోడ్ ఇంటర్నెట్‌లో చేతులు మారుతూ వచ్చింది. నెట్టీ, కసాండ్రా, స్పార్క్, హేజల్‌కాస్ట్ లాంటి పేరున్న లైబ్రరీలు, డేటా సిస్టమ్‌లన్నీ వేగం కోసం దీన్నే ఆశ్రయించాయి. అలాంటి మెమరీకి అప్పటికి ఉన్న అధికారిక దారి, బైట్‌బఫర్, 2 జీబీ దాటదు మరి.

అందుకే జావా 9లో దీన్ని దాచేస్తారన్న మాట 2015లో బయటికి రాగానే గగ్గోలు పుట్టింది. జావా బృందం తగ్గింది. చాలా అంతర్గత ఏపీఐలకు తలుపు వేస్తామంది గానీ, అన్‌సేఫ్ లాంటి ప్రత్యామ్నాయం లేనివాటిని 'జేడీకే డాట్ అన్‌సపోర్టెడ్' అనే మాడ్యూల్‌లో అందుబాటులో ఉంచింది. అయినా 2017 మేలో, కోడ్‌ను భాగాలుగా విడగొట్టి లోపలివి దాచే ఈ మాడ్యూల్ వ్యవస్థ జావా ప్రమాణాలు ఖాయం చేసే కమిటీలో ఓటింగుకు వస్తే 13 మంది వ్యతిరేకించారు, 10 మందే ఒప్పుకున్నారు. ఐబీఎం, రెడ్‌హ్యాట్ రెండూ కాదన్నవాళ్లలోనే ఉన్నాయి. అభ్యంతరాలు ఈ తలుపు గురించే కాదు, కానీ పాత కోడ్ ఏమవుతుందన్న భయమూ వాటిలో ఉంది. సవరణల తర్వాత జూన్‌లో 24 ఓట్లతో గట్టెక్కింది. రెడ్‌హ్యాట్ ఒక్కటే ఎటూ వేయలేదు.

అసలు మూయడం ఎందుకు? స్ట్రింగ్‌ను చూడండి. జావా 8 వరకు దాని లోపల క్యారెక్టర్ అరే ఉండేది. జావా 9లో మెమరీ ఆదా కోసం దాన్ని బైట్ అరేగా మార్చారు. మామూలుగా రాసిన ప్రోగ్రాములకు ఆ సంగతే తెలియలేదు. వేగం కోసం లోపలి అరేను నేరుగా పట్టుకున్న లైబ్రరీలు మాత్రం దెబ్బతిన్నాయి. ఇంటి లోపల గోడ కట్టుకోవాలన్నా దొడ్డిదారిన వచ్చేవాళ్లను అడగాల్సి వస్తే ఆ ఇల్లు ఇక మారదు.

జనం దేనిమీద ఆధారపడతారో చెప్పలేం కూడా. 2010లో, జావాను పుట్టించిన సన్ కంపెనీని కొన్న ఒరాకిల్ జావా 6 అప్‌డేట్ 21లో విండోస్ ఫైళ్ల వివరాల్లో కంపెనీ పేరును తన పేరుగా మార్చింది. ఎక్లిప్స్ అనే ప్రోగ్రామింగ్ టూల్ ఆ పేరు చూసి మెమరీ ఆప్షన్ ఇచ్చేదట! పేరు మారేసరికి ఇవ్వడం మానేసింది, మెమరీ చాలక పడిపోవడం మొదలైంది. ఒరాకిల్ పాత పేరే మళ్లీ పెట్టింది.

జావా 9 తర్వాత జావా బృందం నడిచిన వరస నాకు నచ్చింది. ముందు దారి వేసి, తర్వాత తాళం. రిఫ్లెక్షన్‌తో లోపలికి చొరబడితే జావా 9 నుంచి 15 వరకు హెచ్చరికే, 2021లో వచ్చిన 16లో డిఫాల్ట్‌గా నిషేధం, అదే ఏడాది 17లో ఆ నిషేధాన్ని గంపగుత్తగా ఎత్తేసే ఆప్షన్ కూడా పోయింది. అన్‌సేఫ్ పనుల్లో కొన్నింటికి వేర్‌హ్యాండిల్స్ జావా 9లోనే వచ్చాయి. జావా నిర్వహణకు బయట ఉండే మెమరీకి సరైన ఏపీఐ 2024 మార్చిలో జావా 22తో ఖాయమైంది. ఆ తర్వాతే, జావా 23లో, అన్‌సేఫ్‌లోని 87 మెథడ్లలో మెమరీకి సంబంధించిన 79ని తీసేస్తామని గుర్తు పెట్టారు. 24లో నడుస్తున్నప్పుడే హెచ్చరిక వస్తుంది.

నెమ్మదిగా వెళ్తున్నారని కొందరి ఫిర్యాదు. నా అభ్యంతరం వేరు. హెచ్చరికల దశ ఎంత పొడిగించినా చదివేవాడు లేడు. జేడీప్స్ అనే టూల్ జావా 8 నుంచీ ఉంది, ఏ జార్ ఫైల్ (జావా కోడ్ మూట) ఏ అంతర్గత క్లాస్‌ను వాడుతోందో క్షణాల్లో చెబుతుంది. నేను చూసిన టీముల్లో దాన్ని ముందే నడిపినవి రెండో మూడో. ఎర్రర్ వచ్చాకే బడ్జెట్ వస్తుంది, మనిషిని కేటాయిస్తారు. అలాంటప్పుడు ప్రత్యామ్నాయం చేతికిచ్చిన రోజే మూసే వెర్షన్ నంబర్ కూడా ఖరారుగా చెప్పేయాలి. అన్‌సేఫ్ విషయంలో చెప్పినట్టు '26లో గానీ ఆ తర్వాత గానీ' అంటే మేనేజర్ చెవికి 'ఆ తర్వాత' ఒక్కటే వినిపిస్తుంది.

నష్టం ఎవరి నెత్తిన పడుతుందో కూడా చూడాలి. దొడ్డిదారి తొక్కినవాడు ఎప్పుడో కంపెనీ మారిపోయి ఉంటాడు. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో సపోర్ట్‌లో ఉన్న రెండేళ్ల అనుభవం కుర్రాడు, తనెప్పుడూ చూడని లైబ్రరీ లోపలి ఎర్రర్‌ను ప్రొడక్షన్ లాగ్‌లో చదువుకుంటూ కూర్చుంటాడు. సెర్చ్ చేస్తే మొదట దొరికే జవాబు, మూసిన లోపలి కోడ్‌ను మళ్లీ తెరిచే 'యాడ్-ఓపెన్స్' ఆప్షన్ పెట్టమని. ఆ లైన్ పెడితే ఎర్రర్ పోతుంది, టికెట్ క్లోజ్ అవుతుంది.

పైన చెప్పిన ఆ అప్లికేషన్ ఇప్పుడు జావా 17 మీద బాగానే నడుస్తోంది. దాని స్టార్టప్ స్క్రిప్ట్‌లో యాడ్-ఓపెన్స్ లైన్లు ఆరున్నాయి. పైన 'తాత్కాలికం' అని కామెంట్ ఉంది. రాసింది నేనే.