చెప్పబోతేనే తెలుస్తుంది

కష్టమైన పాఠాన్ని చిన్నపిల్లలకు చెప్పినట్టు చెబితే మనకే బుర్రకెక్కుతుందని అంటుంటారు, నూటికి నూరుపాళ్లు నిజం. కాకపోతే వినేవాళ్లు ఎదురు ప్రశ్న వేసేవాళ్లయి ఉండాలి. ఎండాకాలం ఎందుకొస్తుందని మా చెల్లి అడిగితే, భూమి సూర్యుడికి దగ్గరైనప్పుడు అని టకీమని చెప్పేశాను. మరి అప్పుడే భూమికి కింది సగంలో చలికాలం ఎలా ఉంటుంది అంది. నోట మాట రాలేదు. పుస్తకం తీస్తే భూమి సూర్యుడికి బాగా దగ్గరగా ఉండేది జనవరి మొదట్లోనట! అసలు కారణం భూమి అక్షానికి, అంటే అది తన చుట్టూ తాను తిరిగే ఊహాగీతకి, ఉన్న 23.5 డిగ్రీల వంపు. పరీక్షలో అక్షం వంపు అని రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే, అయినా బంతి మీద టార్చిలైటు వేసి చెల్లికి చూపిస్తే గానీ, సూర్యుడికి అవతలి వైపు వంగిన సగం మీద ఏటవాలుగా పడే వెలుగు ఎక్కువ చోటుకి పరుచుకుని పల్చబడిపోతుందని, అక్కడ చలికాలం అందుకేనని నాకు అర్థం కాలేదు.