డ్రమ్మర్‌ని తీసేయండి, బాగుపడండి

ఏళ్ళ తరబడి గ్యారేజీల్లో వాయిస్తున్నా పైకి రాని బ్యాండ్ల కోసం ఈ వ్యాసం. కష్టపడండి, మంచి పాటలు రాసుకోండి, నమ్ముకున్నది వదలకండి అని చెప్పేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. వాళ్ళ మాట వినకండి. రాక్ సంగీత చరిత్రలో నిలబడ్డ సూత్రం ఒక్కటే. ముందు ఎయిన్‌స్లీ డన్‌బార్‌ని డ్రమ్మర్‌గా పెట్టుకోవాలి. ఒకటి రెండు ఆల్బమ్‌లు వాయించనివ్వాలి. ఆ తర్వాత తీసేయాలి, లేదా అతనే వెళ్ళిపోయేలా చూసుకోవాలి. ఆఖరి మెట్టు దగ్గర జాలిపడితే మాత్రం నా పూచీ లేదు.

నోటికొచ్చింది రాస్తున్నాననుకోకండి. ఆధారాలన్నీ ఆల్బమ్ అట్టల వెనక, చీమ తలకాయంత అక్షరాల్లో అచ్చయి ఉన్నాయి. చదివే ఓపిక ఎవరికీ లేకపోబట్టే ఈ రహస్యం ఇన్నేళ్ళు భద్రంగా ఉంది.

డన్‌బార్ 1946 జనవరి 10న లివర్‌పూల్‌లో పుట్టాడు. ఆ ఊళ్ళో, ఆ తరంలో డ్రమ్స్ నేర్చుకున్న కుర్రాళ్ళందరికీ కలిపి భగవంతుడు ఒకే ఒక్క ఉద్యోగం సృష్టించాడు, దాన్ని బీటిల్స్ రింగో స్టార్ పట్టుకుపోయాడు. మిగతావాళ్ళు లండన్ దారి పట్టారు. 1966లో గిటారిస్టు జిమి హెండ్రిక్స్ అమెరికా నుంచి లండన్‌లో దిగి బ్యాండు కడుతున్నప్పుడు చివరికి ఇద్దరు డ్రమ్మర్లు మిగిలారు: మిచ్ మిచెల్, మన డన్‌బార్. ఎటూ తేలక నాణెం ఎగరేశారని చెబుతారు. మిచెల్‌కి పడింది. ఇదేం అన్యాయం అంటారేమో. ఈ రోజు పెద్ద కంపెనీలు ఆరు రౌండ్ల ఇంటర్వ్యూలు పెట్టి ఆఖర్న చేస్తున్నదీ అదే, నాణెం మనకి చూపించరంతే. సూత్రం ప్రకారం చూస్తే హెండ్రిక్స్ అడ్డదారిలో వెళ్ళాడు. పెట్టుకోకుండానే తీసేశాడు. ఏడాది తిరిగేసరికి లోకమంతా అతని పేరే.

బ్లూస్ గాయకుడు జాన్ మేయాల్ మాత్రం పద్ధతిగా నడిచాడు. అతని బ్యాండు బ్లూస్‌బ్రేకర్స్ 1967లో తెచ్చిన 'ఎ హార్డ్ రోడ్' ఆల్బమ్‌లో గిటార్ పీటర్ గ్రీన్, బేస్ జాన్ మెక్‌వీ, డ్రమ్స్ డన్‌బార్. డన్‌బార్ లేచి వెళ్ళాక ఆ స్టూలు మీద మిక్ ఫ్లీట్‌వుడ్ అనే పొడుగాటి మనిషి కొద్ది వారాలు కూర్చున్నాడు. అదే ఏడాది పీటర్ గ్రీన్ కట్టిన కొత్త బ్యాండుకి ఆ పొడుగాటి మనిషి ఇంటిపేరు పెట్టి, మెక్‌వీ పేరులో ముక్కొకటి తగిలించారు. అదే ఫ్లీట్‌వుడ్ మాక్. పదేళ్ళ తర్వాత వాళ్ళ 'రూమర్స్' ఆల్బమ్ కోట్లలో అమ్ముడుపోయింది. డన్‌బార్ లేచిన చోట కొద్ది వారాలు కూర్చున్నందుకే ఇంత పుణ్యం. ఆ స్టూలు ఎక్కడుందో వెతికి గుడి కట్టాల్సింది.

మరి డన్‌బార్ సొంతంగా బ్యాండు పెట్టలేదా? పెట్టాడు. పేరు ఎయిన్‌స్లీ డన్‌బార్ రిటాలియేషన్. బ్యాండు పేరులోనే తన పేరుండటంతో తీసేసే వీలు లేకుండా పోయింది, బ్యాండు దశ తిరగలేదు. వాళ్ళు 1967లో 'వార్నింగ్' అనే పాట విడుదల చేశారు. 1970లో బ్లాక్ సబ్బాత్ అనే నలుగురు బర్మింగ్‌హామ్ కుర్రాళ్ళు తమ మొదటి ఆల్బమ్‌లో ఆ పాటని పది నిమిషాలకు పైగా సాగదీసి, డన్‌బార్ లేకుండా వాయించి, హెవీ మెటల్‌కి మూలపురుషులైపోయారు. డన్‌బార్ పాట ఉండాలి, డన్‌బార్ ఉండకూడదు. ఇంతకన్నా స్వచ్ఛమైన ప్రయోగం శాస్త్రవేత్తలు కూడా చేయలేరు.

తర్వాత అమెరికన్ సంగీతకర్త ఫ్రాంక్ జాపా దగ్గర చేరాడు. నిజానికి ఈ దశ మీద ఒక పుస్తకం రాయొచ్చు. జాపా నొటేషన్ రాసిచ్చి, తప్పు వాయిస్తే చంపేసేలా చూసే మనిషి. 1972లో వచ్చిన 'ది గ్రాండ్ వజూ' టైటిల్ పాట వినండి. పదమూడు నిమిషాలు. గుంపెడు బాకాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి మాట్లాడుతుంటాయి. కింద షఫుల్ (ఊగుతూ సాగే తాళం) నడక మాత్రం ఎక్కడా తడబడదు. ఏ బాకా ఎంత గొంతు చించుకున్నా డన్‌బార్ తల తిప్పి చూసినట్టుండదు. నిండు సభలో అందరూ అరుస్తుంటే ఒక్కడే మినిట్స్ రాసుకుంటున్నాడన్నమాట. ఇంత వాయించాక కూడా వీధిలో ఎవరూ గుర్తుపట్టకపోవడం గొప్ప సౌకర్యమే అనుకోండి.

జాపా బృందంలోనూ సూత్రం పని చేసింది, కాస్త వేరే రకంగా. 1971 డిసెంబర్ 4న స్విట్జర్లాండ్‌లోని మాంట్రూ కసీనోలో వాళ్ళ కచేరీ. ప్రేక్షకుల్లో ఎవడో ఫ్లేర్ గన్ పేల్చాడు, కసీనో మొత్తం తగలబడింది. అప్పుడు డ్రమ్స్ వెనక ఉన్నది డన్‌బార్. రికార్డింగ్ కోసం అదే ఊళ్ళో దిగిన డీప్ పర్పుల్ వాళ్ళు ఆ పొగ చూసి 'స్మోక్ ఆన్ ది వాటర్' రాసుకున్నారు, గిటార్ కొన్న ప్రతివాడూ మొదటి వారంలోనే నేర్చుకునే పాట. మంట వీళ్ళ కచేరీలో, పేరు పక్కవాళ్ళకి.

1973లో గాయకుడు డేవిడ్ బౌవీ తన డ్రమ్మర్ మిక్ వుడ్‌మన్సీని తప్పించి డన్‌బార్‌ని పిలిచాడు. (అవును, మనవాడూ ఇంకొకరి స్టూలు మీద కూర్చున్నాడు. ఈ వృత్తిలో స్టూలు ఎప్పుడూ చల్లారదు.) ఫ్రాన్స్‌లో ఒక పాత కోటలాంటి భవనంలో 'పిన్ అప్స్' రికార్డు చేశారు. ఆల్బమ్ అట్ట మీద ఇద్దరున్నారు: బౌవీ, అతని భుజానికి తల ఆనించి మోడల్ ట్విగ్గీ. ట్విగ్గీ ఆ ఆల్బమ్‌లో ఏమీ వాయించలేదు. మరుసటి ఏడాది 'డైమండ్ డాగ్స్'లో డన్‌బార్, టోనీ న్యూమన్ డ్రమ్స్ పంచుకున్నారు. దాని అట్ట మీద సగం మనిషి, సగం కుక్కగా బౌవీ. అంటే కుక్కకి కూడా నడుము దాకా చోటు దొరికింది. 1973లోనే గాయకుడు లూ రీడ్ ఆల్బమ్ 'బెర్లిన్'లోనూ డన్‌బార్ ఎక్కువ పాటలకి వాయించాడు. ఆ ఆల్బమ్ వచ్చిన కొత్తలో విమర్శకులు ఉతికి ఆరేశారు, ఇప్పుడు కళాఖండం అంటున్నారు. తిట్లు పడ్డప్పుడూ, పొగడ్తలు వచ్చినప్పుడూ డ్రమ్స్ గురించి ఎవరూ మాట్లాడలేదు. నిలకడ అంటే అదీ.

జర్నీ అనే బ్యాండు దగ్గర సూత్రం పాఠ్యపుస్తకంలో రాసినట్టే జరిగింది. 1975 నుంచి నాలుగు ఆల్బమ్‌లు వాయించాడు. మొదటి మూడూ అంతంతమాత్రం. నాలుగోది, 1978 నాటి 'ఇన్ఫినిటీ'. స్టీవ్ పెర్రీ గొంతు కలిసింది, 'వీల్ ఇన్ ది స్కై' మోగింది, ఆల్బమ్ లక్షల్లో అమ్ముడుపోయింది. తెలివైన యాజమాన్యం అప్పుడేం చేస్తుంది? సంగీతం దారి మార్చుకుంటున్నామంది, డన్‌బార్‌ని పంపేసింది, స్టీవ్ స్మిత్‌ని కూర్చోబెట్టింది. 1981లో వాళ్ళ 'ఎస్కేప్' ఆల్బమ్ అమెరికాలో నంబర్ వన్. అందులోని 'డోన్ట్ స్టాప్ బిలీవిన్' ఇప్పటికీ అమెరికా బార్లలో తాగినవాళ్ళ జాతీయగీతం.

డన్‌బార్ జెఫర్సన్ స్టార్‌షిప్‌కి వెళ్ళాడు. మూడు ఆల్బమ్‌లు, 'జేన్' అనే మంచి హిట్టు, 1982లో సెలవు. ఆ బ్యాండు ఎంత ముందుచూపు గలదంటే, ఆ తర్వాత జెఫర్సన్‌ని కూడా పేరులోంచి తీసేసి, వట్టి స్టార్‌షిప్‌గా 1985లో నంబర్ వన్ కొట్టింది.

ఇవన్నీ ఒక ఎత్తు, వైట్‌స్నేక్ బ్యాండు ఒక ఎత్తు. ఈ కళని వాళ్ళు శిఖరానికి చేర్చారు. కొత్త ఆల్బమ్ కోసం గాయకుడు డేవిడ్ కవర్‌డేల్, గిటారిస్టు జాన్ సైక్స్, బేసిస్టు నీల్ మర్రే కలిశారు, డ్రమ్స్‌కి డన్‌బార్ వచ్చాడు. రికార్డింగ్ వాంకూవర్‌లో మొదలైంది. కవర్‌డేల్‌కి సైనస్ జబ్బు చేసి గొంతు పోవడంతో పని నెలల తరబడి సాగింది. ఆల్బమ్ పూర్తయి 1987లో మార్కెట్లోకి వచ్చేసరికి వాయించిన ముగ్గురూ బ్యాండులో లేరు. వీడియోలు తీయాలి కదా, కొత్త మనుషుల్ని తెచ్చారు. డ్రమ్స్ వెనక టామీ ఆల్‌డ్రిడ్జ్. అతనేం చిన్నవాడు కాదు, ఒట్టి చేతుల్తో డ్రమ్ సోలో కొట్టగల మొనగాడు. కానీ వీడియోలో అతని బాధ్యత డన్‌బార్ కొట్టిన దెబ్బలకి జుట్టు ఊపడం. ఉంగరాల జుట్టు, ఎక్కడా తగ్గకుండా ఊపాడు.

'స్టిల్ ఆఫ్ ది నైట్' వీడియో చూడండి. పాట మధ్యలో హోరంతా ఒక్కసారిగా అణిగిపోతుంది. కొత్త గిటారిస్టు ఏడ్రియన్ వాండెన్‌బర్గ్ వయొలిన్ కమాను తీసి గంభీరంగా గిటార్ మీద గీస్తాడు. వినిపించే గిటార్ సైక్స్‌ది, గీత వాండెన్‌బర్గ్‌ది. తర్వాత పాట మళ్ళీ విరుచుకుపడే చోట కళ్ళు మూసుకుని వింటే డన్‌బార్, తెరిస్తే ఆల్‌డ్రిడ్జ్.

'హియర్ ఐ గో అగైన్' ఇంకో మెట్టు పైన. ఆల్బమ్‌లో ఆ పాటకి డ్రమ్స్ డన్‌బార్. రేడియో కోసం మళ్ళీ రికార్డు చేసినప్పుడు డెన్నీ కార్మాసీ వాయించాడు. వీడియోలో కనిపించేది ఆల్‌డ్రిడ్జ్. ఒకే పాట, ముగ్గురు డ్రమ్మర్లు. క్యాసెట్ కొంటే ఒకరు, కారులో రేడియో పెడితే ఒకరు, టీవీ పెడితే మరొకరు. అమెరికాలో నంబర్ వన్ అయింది రేడియో వెర్షన్, అంటే అక్కడా డన్‌బార్ తప్పించుకున్నాడు. ఇక జనానికి గుర్తున్నది రెండు జాగ్వార్ కార్ల బానెట్ల మీద నటి టానీ కిటేన్ చేసిన నాట్యం. ఆ కార్లు కూడా పాటలో ఏమీ వాయించలేదు. అమెరికాలోనే ఎనభై లక్షల కాపీల లెక్కన ప్లాటినం గుర్తింపు పొందిన ఆల్బమ్ ఇది.

కూరలో కరివేపాకు పోలిక తెస్తారని తెలుసు. ఒప్పుకోను. కరివేపాకుని విస్తట్లోకి వచ్చాక పక్కన పెడతారు. ఇతణ్ణి వడ్డించకముందే ఏరేశారు.

పాపం, డబ్బులైనా వస్తాయిగా అనుకునే మెత్తని మనసులకి ఒక మాట. సెషన్ వాద్యకారుడికి, అంటే రికార్డింగ్‌కి కిరాయికి వచ్చి వాయించేవాడికి, గంటల లెక్కన కూలి ముడుతుంది, అక్కడితో సరి. పాట ఎవరిదంటే రాగం కట్టినవాడిది, మాటలు రాసినవాడిది. పాటని నడిపించిన డ్రమ్ దెబ్బ ఎవరిదీ కాదు, గాలిది. అమెరికా చట్టంలో మామూలు రేడియోలో పాట వేస్తే రాసినవాడికి రాయల్టీ వస్తుంది, వాయించినవాడికి పైసా రాదు. డిజిటల్ రేడియో వచ్చాక న్యాయం చేద్దామనుకుని, వసూలైన దాంట్లో సెషన్ వాద్యకారులందరికీ కలిపి నూటికి రెండున్నర వంతు కేటాయించారు. అందులోంచి బేస్ వాయించినవాడితో, కీబోర్డు వాయించినవాడితో పంచుకుని డన్‌బార్ లాంటివాళ్ళు విలాసాల్లో మునిగిపోతారేమోనని ఆల్బమ్‌లు విడుదల చేసే లేబుల్ కంపెనీలు మొత్తం వసూలులో సగం వాటా తమ దగ్గర జాగ్రత్త చేస్తాయి. బాధ్యత గల పెద్దలు చేసే పనే.

డన్‌బార్ లేకుండా కూడా పెద్దవాళ్ళయిన బ్యాండ్లు లేవా అని కొందరు అడ్డం తిరుగుతారు. ఉన్నాయి. బీటిల్స్ తమ పాత డ్రమ్మర్ పీట్ బెస్ట్‌ని తీసేశారు. సూత్రం అదే, మనిషి మారాడు. ఇంకొందరు డ్రమ్ మెషీన్ ఉండగా మనిషెందుకంటారు. మెషీన్‌ని తీసేస్తే దానికి ఫోన్ చేసి చెప్పక్కర్లేదు, అది నొచ్చుకోదు, ఇంకో బ్యాండులో చేరి బాగా వాయించి మనల్ని సిగ్గుపడేలా చేయదు. ఏ త్యాగమూ లేని చోట హిట్టు ఎలా వస్తుంది?

నన్ను కలవరపెట్టేది మరొకటి ఉంది. 2017లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ జర్నీని చేర్చుకున్నప్పుడు డన్‌బార్ పేరు కూడా జాబితాలో పెట్టింది. తీసేసినవాడూ, ఆ చోట కూర్చున్న స్టీవ్ స్మిత్తూ ఒకే జాబితాలో. ఎవరో కమిటీ మెంబరు ఆల్బమ్ అట్ట తిప్పి వెనక చిన్న అక్షరాలు చదివినట్టున్నాడు. ఇలాంటివాళ్ళని మొగ్గలోనే తుంచాలి. ఈ రోజు డ్రమ్మర్ పేరు చదువుతారు, రేపు రికార్డింగ్ ఇంజనీరు పేరు చదువుతారు, ఎల్లుండి ఎవరికి ఎంతిచ్చారని అడుగుతారు. అదృష్టం కొద్దీ మ్యూజిక్ యాప్‌లు ఈ ప్రమాదం ముందే పసిగట్టాయి. బొటనవేలంత అట్ట ముందువైపు చూపించి, వెనకవైపు లేకుండా చేసేశాయి.