‘బాగానే చూశారు’ అంటే?

హైదరాబాద్‌ బాలాపూర్ చుట్టుపక్కల గుడిసెల్లో ఉంటున్న, మయన్మార్ నుంచి వచ్చిన రోహింగ్యా శరణార్థులను ‘సర్కారు దవాఖానాలో ఎట్లా చూశారు?’ అని అడిగితే మంచి మార్కులే పడొచ్చు. వాటిని చూసి అధికారులు మురిసిపోతే మాత్రం పొరపాటే.

వాళ్లు మన దవాఖానాను పోల్చుకునేది మయన్మార్‌లోని రఖైన్‌తో. 1982 పౌరసత్వ చట్టంతో అక్కడ ఎవరికీ చెందనివాళ్లయ్యారు. 2012 అల్లర్ల తర్వాత శిబిరాల్లో చిక్కుకున్నవాళ్లకు రఖైన్ రాజధాని సిత్వేలోని ఆసుపత్రికి పోవాలన్నా ముందు అనుమతి కావాలి, వెంట పోలీసు కాపలా ఉండాలి. 2014 ఫిబ్రవరిలో రఖైన్‌లో అంతర్జాతీయ వైద్య సంస్థ డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ సేవల్నే ప్రభుత్వం ఆపించింది. అదంతా చూసి వచ్చినవాళ్లకు, పేరడిగి గోలీలిచ్చే బస్తీ దవాఖానా గొప్పగా కనిపించడంలో వింతేముంది?

చిక్కంతా పెద్ద జబ్బు వచ్చినప్పుడే. జ్వరానికి ఓపీ చీటీ రాయించుకోవచ్చు, ఆపరేషన్ అనేసరికి ఆధార్ ప్రశ్న వస్తుంది. చేతిలో ఉండేదేమో ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ కార్డు. దాన్ని కంప్యూటర్లో ఏ గడిలో ఎక్కించాలో కౌంటర్లో కూర్చున్న మనిషికి అంతుపట్టకపోతే, తప్పు ఆయనది అనలేం. 1951 శరణార్థుల ఒప్పందంపై భారత్ సంతకం చేయలేదు, సొంత చట్టమూ తెచ్చుకోలేదు. ప్రాణ రక్షణ హక్కు పౌరులు కానివాళ్లకూ వర్తిస్తుందని 1996లోనే అరుణాచల్‌ప్రదేశ్‌లోని చక్మా శరణార్థుల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, నిజమే. కానీ తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెరిగినా, రేషన్ కార్డే లేని ఇంటికి అందులో ఒరిగేదేమీ లేదు.

కాగితాల గొడవ కనీసం పైకి కనిపిస్తుంది. భాష సంగతి అలా కాదు. రోహింగ్యాల మాట బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్ యాసకు దగ్గర. గల్లీలో ఆడుతూ ఉర్దూ పట్టేసిన పదేళ్ల కొడుకే తల్లికి దుబాసీ అయ్యాడనుకోండి. నెలసరి ఆగిందనో, కాన్పు తర్వాత రక్తస్రావం తగ్గలేదనో ఆ తల్లి వాడితో ఎలా చెప్పిస్తుంది? ‘కడుపునొప్పి’ అంటుంది. డాక్టర్ కడుపునొప్పికే మందు రాస్తారు. కొత్త స్కానింగ్ యంత్రం కన్నా, రోజుకు కొన్ని గంటలు ఓపీలో దుబాసీగా కూర్చునే ఆ బస్తీ ఆడమనిషి ఒకరు ఎక్కువ పనికొస్తారని నా అభిప్రాయం. జీతం ఇవ్వాలి, అంతే.

రేపు సర్వేవాళ్లొచ్చి ‘దవాఖానా ఎట్లుంది?’ అని అడిగినా జవాబిచ్చేది ఆ పిల్లాడే. ‘బాగానే చూశారు’ అంటాడు. పక్కన తల్లి తలూపుతుంది.